కొండచిలువ తురీయావస్థ

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి, చైతన్య పరిశోధనా కేంద్రం తప్ప. ఆ లోటు నక్క తీర్చింది. తనకు తానే డైరెక్టరయి, శ్లోకాలు గడగడా అప్పజెప్పే చిలుకను కార్యదర్శిగా వేసుకుంది.

పరిశోధనకు ఒక యోగి కావలసివచ్చాడు. వాగు ఒడ్డున కొండచిలువ మూడు రోజులుగా కదలకుండా పడుంది. నడుము దగ్గర ఇంత లావున ఉబ్బు. నక్క దాని ఊపిరి లెక్కపెట్టించి ఎగిరి గంతేసింది.

"నిమిషానికి ఒకటే! మెలకువ కాదు, కల కాదు, నిద్ర కాదు. సాక్షాత్తూ తురీయం! మనవాళ్లు ఏనాడో చెప్పిందాన్నే ఇవాళ క్వాంటం అంటున్నారు."

"మరి ఆ ఉబ్బు?" అంది చిలుక.

"హిరణ్యగర్భం. విశ్వమంతా అందులోనే ఉంది, రాసుకో."

అంతలో ఒక లేడి రొప్పుతూ వచ్చింది. "అయ్యా, మా పెద్దది మూడు రోజులుగా కనబడ్డంలేదు. ఆఖరిసారి ఇక్కడే నీళ్లు తాగింది. ఆ ఉబ్బులో పొడుచుకొచ్చినవి దాని కాళ్లేనండీ!"

"నీది స్థూలదృష్టి తల్లీ," అంది నక్క జాలిగా.

"వెనకటి ఋషుల్ని శిష్యులు ప్రశ్నలడిగేవారట కదండీ?" అంది లేడి.

"అప్పట్లో కేంద్రాలు లేవమ్మా, అందుకని అడిగేవాళ్లు."

రోజురోజుకీ ఉబ్బు తగ్గింది. విశ్వం లయమవుతోందని చిలుక నమోదు చేసింది. తన బిడ్డ అరిగిపోతుంటే వీళ్లు కొలతలు తీస్తున్నారని లేడి దూరంగా నిలబడి ఏడ్చింది.

ఉబ్బు పూర్తిగా పోయిన రోజున మహాసభ పెట్టారు. పొరుగు అడవుల నుంచి అతిథులొచ్చారు. యోగి నోటి ముందు కూర్చుని చైతన్య తరంగాలు అందుకోవడానికి ఒక పసిమనసు కావాలట. నక్క లేడి రెండో పిల్ల పేరు చదివింది.

ఏడిస్తే లాభం లేదని ఈసరికి లేడికి తెలిసొచ్చింది. ముందుకొచ్చి తల వంచింది.

"మహాప్రభో, మా చిన్నదానికి ఇంకా గడ్డి మేయడమే సరిగా రాదు. ఇంత పెద్ద అనుభవం దానికెందుకండీ? తమంతటివారు ఉండగా ఆ చోట ఇంకొకరు కూర్చుంటే తమకు అవమానం కాదూ?"

సభ హర్షధ్వానాలు చేసింది. ఏనుగు దండ తెచ్చి నక్క మెడలో వేసింది. కొండచిలువ యోగి కాదని నక్కకు బాగా తెలుసు. కానీ ఇంతమంది ముందు ఆ మాట ఎలా అంటుంది? వెళ్లి కూర్చుని కళ్లు మూసుకుంది.

కొండచిలువ తలెత్తింది. నక్కను చుట్టేసి, దండతో సహా తాపీగా మింగింది.

లేడి పిల్లను తీసుకుని ఒక్క పరుగున పొదల్లో పడింది. సభంతా బిక్కచచ్చిపోయింది. చిలుక మాత్రం గొంతు సవరించుకుంది, ఇక డైరెక్టరు తనే కదా.

"డైరెక్టరుగారు బ్రహ్మంలో లీనమయ్యారు! చూసేవాడూ, చూడబడేదీ ఒకటేనని రుజువైంది. పైగా హిరణ్యగర్భం మళ్లీ ఏర్పడింది. వచ్చిన ఫలితమే మళ్లీ రావడాన్నే కదా సైన్సు అంటారు!"

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మూడో ప్రయోగానికి పేర్లివ్వమంటే కుందేళ్లు బారులు తీరాయి.

నీతి: అద్వైతాన్ని నిరూపించదలచినవారు, ఎదుటివారు భోంచేశారో లేదో ముందుగా కనుక్కోవలెను.