జీపుకు ముక్కు మొలిచిన కేసు

“ఈ సికింద్రాబాదులో నేరమంటూ ఒకటి జరిగితే, పోలీసు కుక్కల కంటే ముందు దాని వాసన ఒకే ఒక్క ముక్కుకు తగులుతుంది. ఆ ముక్కు...” అని కన్నారావు చూపుడువేలితో తన ముక్కు మీద రెండుసార్లు తట్టుకుని, “ఇదిగో, ఇక్కడుంది,” అన్నాడు.

ఆ ముక్కు చివర అప్పటికి అల్లప్పచ్చడి అంటుకుని ఉంది. సత్యవేణి కొంగుతో తుడిచింది.

“అలాగే గానండీ, ముందు ఆ గొట్టం సంగతి చూడండి. వానొస్తే మేడ మీది నీళ్ళన్నీ గుమ్మంలోకి దూకుతున్నాయి. ప్లంబర్ని పిలవండి.”

“ప్లంబరా!” కన్నారావు విషాదంగా నవ్వాడు. “సాక్ష్యాన్ని తీసికెళ్ళి ప్లంబరు చేతిలో పెట్టమంటావా వేణీ? నిన్నటిదాకా గోడనంటుకుని ఉన్న గొట్టం ఇవాళ సగం లేదు. రంపంతో కోసేరు. కోత ఎంత నున్నగా ఉందో చూసేవా? దీని వెనకాల అంతర్జాతీయ హస్తం ఉంది.”

“పాత గొట్టానికి అంతర్జాతీయ హస్తం దేనికండీ? పాత సామాన్ల వాడి హస్తం చాలదేటి?”

మేధావులు ఇలాంటి వాటికి జవాబు చెప్పరు.

తుని నుంచి వచ్చి బోయిగూడలో స్థిరపడిన మనిషి కన్నారావు. ఉద్యోగమంతా రైల్వే పార్సిలు ఆఫీసులో మూటల మీద చీటీలు అంటించడంలోనే గడిచింది. ఏ మూటలో ఏముందో బయటినుంచి చూసి చెప్పేయగలనని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకం మామిడిపళ్ళ బుట్టల విషయంలో మాత్రమే నిజమయింది, అవి వాసనొస్తాయి కాబట్టి. రిటైరయ్యాక మూటలు కరువై, మనుషుల మీద పడ్డాడు.

మనుషులంటే ముఖ్యంగా మేడ మీద అద్దెకుండేవాళ్ళు. ఆషర్ అనే కుర్రాడు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. వాడి భుజం మీది నల్లటి సంచిలో తుపాకి ఉందని కన్నారావు వీధంతా చాటాడు. కేసు తేలింది, మేడ ఖాళీ అయింది. తరవాత విమలమ్మ వచ్చింది. ఆవిడ కరివేపాకు మొక్క పెడదామని పెరట్లో గొయ్యి తవ్వితే, పాతిపెట్టడానికి శవమేదని ఈయన పలుగుతో ఎదురెళ్ళాడు. ఆ కేసూ తేలింది. కరివేపాకు మొక్క ఇప్పుడు నడుమెత్తు పెరిగింది. విమలమ్మ మాత్రం ఉప్పల్ వెళ్ళిపోయింది. సత్యవేణి తాలింపులోకి ఆకు తుంచినప్పుడల్లా ఆవిడ సామాను లారీ ఎక్కిన పొద్దు గుర్తొచ్చి, ఆవాలు మాడబెట్టుకునేది.

ఇప్పుడున్నది దయాకర్, హిమజ. వేసవిలో పెళ్ళయి నేరుగా ఈ మేడ మీదికే కాపురానికొచ్చారు. ఆ పిల్ల మెట్లు దిగుతూనే “ఆంటీ, ఏం కూర?” అంటుంది. దాని గొంతు వినకపోతే సత్యవేణికి పొద్దు గడవదు. ఆషాఢం రాగానే కొత్తకోడలు కనక పుట్టింటికి వెళ్ళింది. శ్రావణంలో వస్తుంది. ఈలోగా ఈయన కొత్త కేసు కనిపెట్టి వీళ్ళనీ సాగనంపేస్తాడేమోనని సత్యవేణి గుండె గుప్పెట్లో పెట్టుకుని ఉంది.

ఆమె భయపడినట్టే అయింది. శనివారం మధ్యాహ్నం కన్నారావు ఎండలో రెయిన్‌కోటు వేసుకుని, భూతద్దం పట్టుకుని పక్కసందులోకి వెళ్ళాడు. వెళ్ళినంత వేగంగానూ తిరిగొచ్చాడు.

“దొరికింది వేణీ! గొట్టం దొరికింది! దయాకర్ జీపుకుంది!”

“జీపుకా?”

“పట్టా కప్పి ఉంది. ఆ పట్టాలోంచి మన గొట్టం ఆకాశంలోకి నిలబడుంది. నల్లరంగు పూసేడు. పైన మెడ వంచేడు. ఎందుకో చెప్పు?”

“ఎందుకండీ?”

కన్నారావు కిటికీ తలుపు మూసి, గొంతు తగ్గించాడు. “గాలి కోసం. పట్టా కింద మనిషిని దాచేడు. ఆ మనిషి ఊపిరాడక చచ్చిపోకుండా గొట్టం పెట్టేడు. ఇప్పుడు ఆలోచించు. ఈ ఇంట్లో వారం నించి కనపడని మనిషెవరు?”

“హిమజా? మీకు మతి గాని పోయిందేటండీ? ఆ పిల్ల ఆషాఢానికని పుట్టింటికెళ్ళింది. నేనే బొట్టుపెట్టి, రవిక ముక్క పెట్టి ఆటో ఎక్కించేను.”

“ఆటో ఎక్కడం చూసేవు. దిగడం చూసేవా?”

“...లేదు.”

“అదీ! ఆషాఢాన్ని అడ్డం పెట్టుకుని నేరం చేసిన మొదటి మొగుడు వీడే. రేపు పొద్దున్నే దాడి.”

సత్యవేణి వంటింట్లోకి వెళ్ళినట్టే వెళ్ళి, వెనక మెట్ల మీదుగా మేడ ఎక్కింది. దయాకర్ నేలమీద కూచుని పాత సైకిల్ ట్యూబు కత్తిరిస్తున్నాడు. ఆమెను చూసి గతుక్కుమన్నాడు.

“ఆంటీ, గొట్టం నేనే కోసిన. మాఫ్ చెయ్యి. దుకాణానికి పోయే టైమ్ లేకుండె. సోమవారం కొత్తది పెట్టిస్తా.”

“గొట్టం పోతే పోయింది నాయనా. జీపుకు దేనికది?”

దయాకర్ సిగ్గుపడుతూ చెప్పాడు. హిమజ వాళ్ళ ఊరు జనగామ అవతల. దారిలో వాగు పొంగి, కల్వర్టు మీది నుంచి నీళ్ళు పోతున్నాయి. బస్సులు బంద్. నీళ్ళల్లో దిగితే ఇంజను గాలితో పాటు నీళ్ళు మింగి ఆగిపోతుంది. అందుకని గాలి పీల్చే దారిని గొట్టంతో జీపు నెత్తిమీదికి తెచ్చాడు.

“జీపుకు ముక్కన్నట్టు ఆంటీ. ముక్కు పైనుంటే మెడదాంక మునిగినా పరేషాన్ లేదు.”

“వాగులో దిగుతావా! వద్దు నాయనా. అయినా ఆషాఢంలో అల్లుడు అత్తారి గడప తొక్కకూడదు గదా?”

“గడప తొక్క. ఊరి బయట చేను కాడ ఒక్కసారి జూసి వస్త. గంతే. పోయిన మంగళవారం నించి ఫోన్ల మాట్లాడితే ఏడుస్తుంది ఆంటీ. ఎవ్వరికి చెప్పకు. మా అత్తకు తెలిస్తే ఇజ్జత్ పోతది. అంకుల్‌కు అస్సలు చెప్పకు.”

చెప్పనని ఆమె మాటిచ్చింది. ఇచ్చి, మెట్లు దిగుతూ నెత్తి కొట్టుకుంది. మొగుడికి నిజం చెప్తే సాయంత్రానికి వీధి చివరి దాకా తెలుస్తుంది. చెప్పకపోతే పొద్దున్నే దాడి. అన్నిటి కంటే పైన ఆ వాగు. ఆపే శక్తి ఆమెకు లేదు. పళ్ళెంలో పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ సర్దిపెట్టుకుంది. కనీసం దిష్టి తీసి పంపుదామనుకుంది.

ఆదివారం పొద్దున వాన తెరిపిచ్చింది. దయాకర్ ముందువైపు పట్టా ఎత్తి జీపు స్టార్ట్ చేసి, వేడెక్కనిచ్చి, సంచి తెచ్చుకోవడానికి పైకి పోయాడు. అంతే, గోడ చాటు నుంచి రెయిన్‌కోటు బయటికొచ్చింది. దాని వెనకాలే ఎదురింటి వడ్రంగి బ్రహ్మచారి చేతిలో కొయ్యసుత్తితో వచ్చాడు. పేరుకే బ్రహ్మచారి, ఇంట్లో ఇద్దరు మనవలున్నారు.

“రావు సాబ్, జెర ఆలోచించు. నాకు పొద్దున చాయ్ సుత పడలే.”

“చరిత్ర చాయ్ కోసం ఆగదు బ్రహ్మచారీ! అమ్మాయీ హిమజా! భయపడకు! కన్నారావు వచ్చేడు!” అని అరిచి కన్నారావు పట్టా గుంజాడు.

వెనక సీటులో స్టెప్నీ టైరు, ఒక మల్లెపూల పొట్లం ఉన్నాయి.

బ్రహ్మచారి వంగి చూశాడు. “పూలున్నయి సాబ్. పిల్ల లేదు.”

“పూలు! చూసేవా ఎంత క్రూరుడో!”

“పూలల్ల క్రూరమేంది?”

ఈ గోలకు వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. దయాకర్ మెట్లమీద నుంచి పరుగున వచ్చాడు. “ఏంది అంకుల్ గిది?”

“నటించకు. నీ భార్యను ఎక్కడ దాచేవు? ఈ గాలి గొట్టం ఎవరికోసం?”

దయాకర్ మొహంలో రక్తం లేకుండా పోయింది, మరుక్షణం అంతా తిరిగొచ్చింది. “నా పెండ్లాన్ని నేను దాచిన్నా? గల్లీ మొత్తం ముంగట గీ మాటంటవా? ఇగ ఈ ఇంట్ల ఉండ. ఒకటో తారీఖుకు ఖాళీ చేస్త!”

గుమ్మంలో పళ్ళెంతో నిలబడ్డ సత్యవేణికి లారీ, తాళ్ళు కట్టిన మంచం, హిమజ తల తిప్పి చూడడం, అన్నీ కళ్ళముందు కదిలాయి. ముందు ఈయన నోరు మూయించాలి. గబగబా వచ్చి కొబ్బరికాయ మొగుడి చేతిలో కుక్కింది. “ఆపండింక! బండి చుట్టూ తిప్పి కాయ కొట్టండి. కుర్రాడు ప్రయాణమై వెళ్తున్నాడు.”

“కొడతాను. కాని ఒక్క పరిశీలన మిగిలింది.”

ఎవరూ ఆపేలోగా కన్నారావు టైరు మీద కాలేసి బానెట్ ఎక్కాడు. ఒక చేత్తో భూతద్దం, ఒక చేత్తో కొబ్బరికాయ. గొట్టం మూతిలోకి వంగి “అమ్మాయీ!” అన్నాడు. బానెట్ వాన తడితో ఉంది. చెప్పు జారింది. భూతద్దం వీధిలోకి ఎగిరింది. కన్నారావు బోర్లా పడ్డాడు. పడుతూ పట్టుకోసం చెయ్యి విసిరితే, ఆ చేతిలోని కొబ్బరికాయ వెళ్ళి గొట్టం మూతిలో సీసాకు బిరడా పెట్టినట్టు దిగబడింది.

“అయ్యో! ఇంజన్ ఆగిపోతది!” దయాకర్ అరిచాడు.

అందరూ ఊపిరి బిగపట్టారు. ఇంజను మాత్రం బిగపట్టలేదు. గుడగుడమంటూ హాయిగా నడుస్తూనే ఉంది.

“ఏం కాలే. మంచిగనే నడుస్తుంది,” అన్నాడు బ్రహ్మచారి.

దయాకర్ కదల్లేదు. “గదే కాకా. మంచిగ నడవొద్దు.”

“అంటే?”

“ముక్కు మూస్తే ఊపిరి ఆగాలె. ఆగలేదంటే ఇంకో కాడ గాలి గుంజుతుంది. నా దోస్త్ చెప్పిండు, మూతి మీద చెయ్యి పెట్టి చూడు, ఇంజన్ చస్తేనే వాగుల దిగు అని. తొందరల మర్చిపోయిన.”

కన్నారావును పక్కకు జరిపి బానెట్ ఎత్తాడు. చెవి పెట్టి విన్నాడు. కింద, సైకిల్ ట్యూబు చుట్టి తీగ బిగించిన అతుకు దగ్గర బుస్సుమంటోంది. వేలు దూరేంత సందు. టైరు సగం మునిగితే చాలు, అది నీళ్ళలో ఉంటుంది.

దయాకర్ తాళం తిప్పి ఇంజను ఆపేశాడు.

“వాగు నడుమల ఆగిపోతుండె,” అన్నాడు మెల్లగా. “నేను, జీపు...” మిగతాది అనలేదు. సత్యవేణి అనకుండానే విన్నది. పళ్ళెం పక్కన పెట్టి మెట్టు మీద కూలబడింది.

కన్నారావు రెయిన్‌కోటు దులుపుకుని, “అందుకే ఎక్కేను,” అన్నాడు.

“ఎక్కినవా, జారినవా?” అన్నాడు బ్రహ్మచారి.

“డిటెక్టివ్ జారడు బ్రహ్మచారీ. వ్యూహాత్మకంగా కిందికొస్తాడు.”

దయాకర్ ఆయన వంక చూశాడు. కోపంగా చూద్దామనే మొదలుపెట్టాడు గాని కుదరలేదు. నవ్వొచ్చేసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

సత్యవేణి లేచి, “ముందు ఆ పిల్లకు ఫోను చెయ్యి,” అంది.

చేశాడు. అందరికీ వినపడేలా పెట్టాడు. సంగతంతా విని హిమజ గొంతు వీధంతా మోగింది.

“వాగుల దిగుదామనుకున్నవా? దిమాక్ ఉందా నీకు? ఈడ పోలీసోళ్ళు తాడు కట్టి ఎవ్వర్ని రానిస్తలేరు. ఏడ్చిననంటే వస్తవా? నేను సీరియల్ చూసి సుత ఏడుస్త! ఎవరు ఆపిన్రు నిన్ను?”

“అంకుల్.”

“మన డిటెక్టివ్ అంకులా?” అవతల కిలకిలమని నవ్వు.

“ఆయన మీద కోపంతోని ఇల్లు ఖాళీ చేస్తనన్న,” అన్నాడు దయాకర్, నేల చూపులు చూస్తూ.

సత్యవేణి ఫోను దగ్గరికి జరిగింది.

“ఏందీ? శ్రావణంల నేను ఎవరింటికి రావాలె? ఆ ఇల్లు ఇడిస్తే నువ్వు గా జీపులనే కాపురం పెట్టుకో. నేను మాత్రం వచ్చేది ఆంటీ కాడికే. ఆంటీ ఉన్నదా అక్కడ? ఆంటీ, ఇయ్యాల ఏం కూర?”

సత్యవేణి ఇంకా వంట మొదలుపెట్టనేలేదు. “నీకేది ఇష్టమైతే అదేనమ్మా,” అంది.

బ్రహ్మచారి కొయ్యసుత్తితో గొట్టాన్ని అటూ ఇటూ తట్టి కాయను ఊడదీశాడు. దయాకరే జీపు చుట్టూ తిప్పి, ముందు టైరు దగ్గర కొట్టాడు. ఎక్కడికీ వెళ్ళని బండికి దిష్టి తీయడం వీధివాళ్ళు చూడడం అదే మొదటిసారి. తలో ముక్క తీసుకుని నవ్వుకుంటూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. దయాకర్ పూలపొట్లం సత్యవేణి చేతిలో పెట్టాడు.

కన్నారావు భార్య పక్కకు చేరి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. “వేణీ, ఆ ఫోనులో గొంతు నిజంగా హిమజదేనంటావా? నాకెందుకో కొంచెం...”

సత్యవేణి ఉన్నవాటిలోకెల్లా పెద్ద కొబ్బరిముక్క తీసి ఆయన నోట్లో కుక్కింది. అయినా మాట ఆగలేదు.

ఇక్కడా ఎక్కడో సందుందన్నమాట, అనుకుంటూ ఆమె కూర తరగడానికి లోపలికెళ్ళింది.