బంగళా తోటలో పర్మనెంటు పోస్టు

మోకాళ్ల దాకా రాయి కావడంతో, సముద్రం ఒడ్డు బంగళాలో ఎల్లాజీకి ఉద్యోగం ఖాయమైనట్టేనని అందరూ అనుకున్నారు. ఆ తోటలో విగ్రహాలన్నీ అలా కొలువులో చేరి రాయైనవాళ్లే. బంగళా కట్టించిన జమీందారు కాలంలో పల్లకీ బోయీలు స్థిరపడ్డారు. దొరల హయాంలో వంటవాడూ, పంకా లాగేవాడూ కుదురుకున్నారు. ఇప్పుడది రిసార్టు. తోట పెంచడానికి జాలారిపేటను లేపేసిన కంపెనీవారు, పేట గుర్తుగా ఒక జాలరి విగ్రహం ఉంటే బాగుంటుందని ముచ్చటపడ్డారు.

ఎల్లాజీ వల వేసే మనిషి కాదు. గట్టు మీద నిలబడి, నీటి రంగు చూసి, చేపల గుంపు ఎటు పోతోందో పడవలకు చెయ్యెత్తి చూపించేవాడు. నిలబడటంలో అనుభవం ఉందనే అతన్ని తీసుకున్నారు. ఒళ్లంతా రాయైతే పర్మనెంటు. అప్పుడు భార్య పోలమ్మకు తోట వెనక క్వార్టరు ఇస్తారు. పేట పోయిన దగ్గర్నుంచీ ఆమె బస్టాండులో పడుకుంటోంది.

నడుము, ఛాతీ వేళకే రాయయ్యాయి. కుడిచెయ్యి మాత్రం మొండికేసింది. గుంపు కనబడితే చాలు, దానంతటదే లేచేది. పడవలు అటు తిరిగేవి. పేటవాళ్లు ఇంకా నాలుగు మెతుకులు తింటున్నారంటే ఆ చేతి చలవే.

"విగ్రహం చెయ్యాడిస్తే గెస్టుల ఫోటోలు పాడవుతున్నాయి. నిన్ను బంగళా వైపు తిప్పేస్తే సరి. బలవంతమేం లేదు, నీ ఇష్టం," అన్నాడు మేనేజరు ప్రభాకరం. మంచివాడు, ఎవరినీ కసురుకోడు.

ఎల్లాజీ భార్యను అడిగాడు. "ఏటంతావు?"

"ఏటంతాను? వానలొచ్చేత్తన్నాయి. బస్టాండు కారిపోతంది," అంది పోలమ్మ.

"నాను తిరిగిపోతే మనోళ్లకి సేపెక్కడుందో ఎవుడు సూపిత్తాడు?"

"ఆళ్లూ నానూ ఒక్క సూరు కిందే తొంగుంతన్నాం. ఆళ్లు నిన్నేటీ అనరులే."

అతన్ని దిమ్మతో సహా తిప్పారు. తిప్పిన కూలీలూ పేటవాళ్లే. దెబ్బ తగలకుండా, జాగ్రత్తగా తిప్పారు. కొద్దిరోజుల్లోనే చెయ్యి రాయైంది, తర్వాత నోరూ కళ్లూ. పోలమ్మకు క్వార్టరుతో పాటు పనీ ఇచ్చారు, రోజూ విగ్రహం మీది కాకిరెట్టలు కడగడం. ఆమె కడుగుతూ ఏడ్చేది. డ్యూటీలో ఏడవకూడదని రూలేమీ లేదు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

దారి చూపే చెయ్యి లేక పడవలు ఖాళీ వలలతో తిరిగొచ్చాయి. ఇంకొన్ని విగ్రహాలు కావాలని కంపెనీ ప్రకటించిన రోజు, పేట పేటంతా పిల్లాజెల్లాతో గేటు ముందు నిలబడింది.

"నొప్పెడతాదేటి, పోలమ్మొదినా?" అని ముందున్న ఆడమనిషి అడిగింది.

"ముందర్లోనేనమ్మా. కడుపుదాకా వొచ్చీసిందంటే మరి ఆకలెయ్యదు."

ఆ మాట వినగానే వెనకవాళ్లు ముందుకు తోసుకున్నారు.