బరకం మూలన గచ్చకాయ

వరిచేలు పొట్టకొచ్చి, సముద్రపు గాలి ఎవరి చూరు ఎగరగొడదునా యని ఊరిమీద తిరుగాడు శరత్కాలమున, కోటబొమ్మాళి యను మహాపురమున, రైలు కూసిన ప్రతిసారీ ఎవరో వెళ్లిపోవుచున్నారని గుండె పట్టుకొను వియోగభీతశిరోమణి తవిటమ్మ, సూదియే ఖడ్గముగా పెరటి రణరంగమున ప్రవేశించెను.

శత్రువు ఒక బరకపు మూల. అది కళ్లంలో ధాన్యం మీద కప్పెడి మోతబరువు బరకము కాదు. మనుమరాలు ఝాన్సీ కొండలెక్కి, రాత్రి దాని కింద పడుకొనుటకు కొనితెచ్చిన, పిడికిట ఇమిడెడి, ఉల్లిపొరవంటి బరకము. తాడు కట్టు మూలలలో ఒకటి వదులైనది. సాయంత్రపు బస్సుకే ప్రయాణము.

మూల చిరిగినచో పిల్ల ఆగిపోవును గదా యను దుర్బుద్ధి వీరనారి మనసున మెదలకపోలేదు. కాని చిరిగినదే పట్టుకొని వెళ్లు రకము ఝాన్సీ. కావున తవిటమ్మ కుట్టెను. తడియునేమో యని ఒక కుట్టు, జారిపడునేమో యని ఒక కుట్టు, తిరిగిరాదేమో యని లెక్కలేనన్ని కుట్లు.

అంతట కొబ్బరిచెట్టుకు, నూతి గిలక స్తంభానికి బరకము కట్టిరి. గాలి ఒక్క ఊపు ఊపెను. సూదిపోట్ల వెంబడి, తపాలాబిళ్ల విడినట్లు, మూల చక్కగా ఊడి వచ్చెను.

"గుడ్డ కుట్టలేదే మామ్మా, నీ బయం కుట్టేసినావు," అన్నది ఝాన్సీ.

పరాభవాగ్నిదగ్ధయైన తవిటమ్మ, దిగులు పుట్టినప్పుడెల్ల చేయునట్లే, కొంగుముడి తడుముకొనెను. చేయి ఆగెను. ఏళ్లతరబడి చిల్లర మోసిన ముడి; దానికి ఏనాడూ సూది తగలలేదు.

"ఒసే, నీ సిన్నప్పటి గచ్చకాయల డబ్బా పట్రా," అని గర్జించెను.

చిరుగుకు లోపలగా, గుడ్డ అడుగున గచ్చకాయను ఉంచి, చుట్టూ గుడ్డ పోగుచేసి, దాని మెడకు తాడు బిగించెను. గాలి మరల వచ్చెను. దండెం మీది లుంగీ ఎగిరెను, చాట దొర్లెను, కోళ్లు పారిపోయెను. మూల కదలలేదు.

"ఇంక ఎల్లు. ఇది ఊడదు," అన్నది తవిటమ్మ. ఆ మాట తన నోటనే వచ్చినదని ఆమెకే నమ్మకము కలుగలేదు.

సకలజనులారా, వినుడు. ఆ సాయంకాలము కోటబొమ్మాళి బస్టాండున, కొంగున ఇంకొక గచ్చకాయ ముడివేసుకొని నిలిచిన తవిటమ్మ, బస్సు మలుపు తిరుగువరకు ఏడవలేదు. విజయము ఆమెదే. మలుపు తిరిగిన పిమ్మట జరిగినది వీరగాథలలో వ్రాయరు.