గౌరవనీయ తూకం

"నేటి నుంచి ఈ మిరప యార్డులో కంప్యూటరు సైతం ఎవరినీ, దేనినీ ఊరికే పేరుపెట్టి పిలవదు!" అని మంత్రి శివరామకృష్ణగారు ప్రారంభోత్సవంలో ప్రకటించారు. చప్పట్లకు బస్తాల మీది కాకులు లేచిపోయాయి.

ఆ మర్యాదంతా ఖాజావలి మెడకు ముందురోజే చుట్టుకుంది. యార్డుకు ప్రోగ్రాం రాసింది అతనే.

"ప్రతి పనికీ ఓ పేరుంటుందండీ. పేరు రాసి పక్కన బ్రాకెట్లు పెడితే దాన్ని పిలిచినట్టు. 'తూకం' అని పిలిస్తే తూకం చీటీ వస్తుంది" అని మంత్రిగారికి వివరించాడు.

"తూకాన్ని తూకం అనడమేంటయ్యా, పాలేరును పిలిచినట్టు? ప్రతి పేరుకూ ముందు 'గౌరవనీయ శివరామకృష్ణగారి' అని తగిలించు. అన్నిటికన్నా మొదట స్వాగతం ఉండాలి."

"ఈ కంప్యూటరు భాష పేరులో మొదటి పది ఇంగ్లీషు అక్షరాలే చదువుతుందండీ. 'గౌరవనీయ' కూడా పూర్తికాదు. అన్నీ ఒకటే అనుకుని, మొదట రాసినదాన్నే పట్టుకొస్తుంది."

"అయితే భాషకు మర్యాద నేర్పు. నువ్వింకా టెంపరరీయే కదూ?"

ఖాజావలికి మర్యాద వచ్చేసింది.

సభ ముగిసేసరికి పడమట మబ్బు కమ్మింది. రైతు బాపయ్య మిరప బస్తాలు ఆరుబయటే ఉన్నాయి. తూకం చీటీ లేనిదే షెడ్డులోకి రానివ్వరు. ఖాజావలి తూకాన్ని సగౌరవంగా పిలిచాడు. ప్రింటరు కరకరలాడింది: "స్వాగతం! సుస్వాగతం!"

"పొద్దుటినుంచీ ఇక్కడే చస్తుంటే ఇప్పుడు స్వాగతమేందిరా? నా కాయలు తూచమను!"

"అదే అంటున్నా బాబాయ్!"

"ఆ గౌరవం పీకి అవతల పారెయ్."

"పీకితే నన్ను పీకుతారు."

మంత్రిగారు చీటీ చూసి మురిసిపోయారు. "ఏ పనికి పిలిచినా స్వాగతమేనా?"

"అదొక్కటేనండీ."

"శెభాష్! రాష్ట్రమంతా ఇదే పెట్టిస్తా!" అంటూ కారెక్కారు.

బాపయ్య ఆ చీటీనే షెడ్డు దగ్గరికి పట్టుకెళ్లాడు. కాపలా సైదా అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో కిలోలేవి పెద్దాయనా?"

చినుకులు మొదలయ్యాయి. బాపయ్య వేదిక ఎక్కి గుడ్డ బ్యానరు లాగేశాడు. రెండో కొస ఖాజావలి పట్టుకున్నాడు. నీలి అక్షరాల్లో, బిరుదులతో సహా మంత్రిగారి పేరు, బాగా పొడుగు. బస్తాలన్నిటికీ సరిపోయింది.

రాత్రంతా వాన.

తెల్లారి కొనుగోలుదారు బస్తాలో చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు తీసి, వెలుతురుకు పట్టి చూశాడు.

"ఎర్రటి కాయకు ఈ నీలం రంగేందయ్యా?"

"మంత్రిగారిదండీ" అన్నాడు బాపయ్య.