సూది పడనియ్యకు కొడకా

ఇదంతా మీరే చేశారు. ఫోన్లలో వీడియోలు పెట్టి, "మీ పాత బండి ఇంజన్ లోపల ఏం జరుగుతోందో మీకు తెలుసా?" అని కళ్లు పెద్దవి చేసి జనాన్ని బెదిరించే పెద్దమనుషులారా, మీరే! మీటరు ఎట్లా బిగించాలో పావుగంట చూపిస్తారు. దాన్ని ఎట్లా చదవాలో ఒక్క ముక్క చెప్పరు. లైకు కొట్టమని మాత్రం రెండుసార్లు అడుక్కుంటారు. మీ మాట విన్న పాపానికి సూర్యాపేట పరశురాములు పట్టపగలు, కోదాడ నడిబజారులో, సొంత పెళ్లాన్ని ఎత్తుకుపోయినవాడయ్యాడు. జవాబు చెప్పండి.

పరశురాములుకు ఒక పాత మారుతి వ్యాను ఉంది. ఆ బండికి ఇంజను ముందు సీట్ల కిందనే ఉంటుంది కాబట్టి డ్రైవరు పక్కన కూర్చున్నవాళ్లకు ఎండాకాలంలో వేరే శిక్ష అక్కరలేదు. ఇంజన్‌లో ఆయిల్ ప్రెజర్ పడిపోతే చెప్పడానికి స్టీరింగు ముందర ఒక ఎర్ర లైటు ఉండేది. బండి నడుస్తుండగా అది ఒక్కనాడూ వెలగలేదు. ఇంజను బాగుందనే దాని అర్థం. పరశురాములు మాత్రం దాన్ని అనుమానించాడు. "ఎన్నడూ ఎలగనిదాన్ని ఎట్ల నమ్ముతం?" అన్నాడు. సూది ఉన్న మీటరు కావాలన్నాడు. సూర్యాపేటలో కార్లకు పెట్టే మీటరు దొరికింది గానీ సెండరు దొరకలేదు. ఇంజన్‌కు బిగించి ఉండి, లోపలి ఒత్తిడిని పసిగట్టి, తీగమీదుగా మీటరుకు చేరవేసే బుడ్డి సామానే సెండరు. అది లేకపోతే మీటరు గోడకు కొట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మిర్యాలగూడలో బియ్యం లారీ నడిపే బావమరిది సతీష్ ఆదుకున్నాడు. "నా లారీకని తెచ్చిపెట్టుకున్న కొత్త సెండరుంది బావా, బస్సుల ఏస్త, పెట్టుకో" అన్నాడు. శనివారం మెకానిక్ ధర్మేందర్ సీటు లేపి, ఎర్ర లైటు స్విచ్చి పీకి, ఆ రంధ్రంలోనే సెండరు దూర్చబోయాడు. సెండరు మర చుట్లు రంధ్రం చుట్లతో కుదరలేదు. లేతు మిషన్ మీద ఒక ఇత్తడి బుష్షు, అంటే రెండింటికీ నడుమ దూరే తొడుగు, చేయించి, దానితో కుదిర్చాడు. చేతులు తుడుచుకుంటూ ఒకే ఒక్క మాట చెప్పాడు: "సూది ఎర్రల వడితే ఇంజన్ ఖతం అన్నా." అంతే. ఎప్పుడు పడుతుంది, ఎందుకు పడుతుంది, ఎంతసేపు పడితే ఖతం అనేవి ఆయనా చెప్పలేదు, ఈయనా అడగలేదు.

ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చాలా మామూలుది. పరశురాములు భార్య ధనలక్ష్మి అంగన్‌వాడీ టీచరు. సూపర్‌వైజరు ఉద్యోగానికి ఆ రోజు కోదాడలో పరీక్ష. వయసు హద్దు ఈ ఏటితో అయిపోతుంది, అంటే ఇదే ఆఖరి అవకాశం. తొమ్మిదీ నలభై అయిదుకు గేటు మూస్తారు, నిమిషం ఆలస్యమైనా రానివ్వరు. ఎనిమిదికి బయలుదేరితే తొమ్మిదికి కోదాడ. మిగిలిన సమయంలో ఆమె కాయితాలు ఒకసారి తిరగేసుకోవచ్చు. కోడలికి తోడుగా పరశురాములు తల్లి సోమమ్మ వచ్చింది. వెనక కూర్చుంటే వాంతులవుతాయని ముందు సీట్లో, సరిగ్గా మీటరుకు ఎదురుగా కూర్చుంది. దానికి పసుపు బొట్టు కూడా ఆమే పెట్టింది.

చల్లని ఇంజన్ మీద సూది నిటారుగా నిలబడింది. "చూసినవా అమ్మా, గుర్రం లెక్క ఉంది" అన్నాడు పరశురాములు. ఇంజను వేడెక్కుతున్నకొద్దీ సూది మెల్లగా వంగింది. హైవే మీద మునగాల దగ్గర గొర్రెలమంద అడ్డం వచ్చింది. బ్రేకు వేశాడు. సూది ఎర్రలోకి జారి పడుకుంది.

"ఓ కొడకా! బీపీ డౌనయింది రా!" అని సోమమ్మ కేక పెట్టింది. ఆమెకు బీపీ ఉంది కనుక ఆ విషయంలో అధికారం కూడా ఉంది.

పరశురాములు ఆక్సిలేటరు తొక్కాడు. సూది లేచింది. వదిలాడు. పడింది. తొక్కాడు. లేచింది. నిలబడ్డ బండి గొంతు చించుకుని అరుస్తుంటే గొర్రెలు చెల్లాచెదరైపోయాయి, కాపరి కర్రెత్తుకుని వచ్చాడు. ఒక చేత్తో దండం పెడుతూ, ఒక కాలితో తొక్కుతూ, పరశురాములు బావమరిదికి ఫోన్ కలిపి స్పీకరు నొక్కాడు. ధర్మేందర్‌కు కలపవచ్చు కదా అంటారేమో. ధర్మేందర్ ఆదివారం చర్చిలో పాటలు పాడిస్తాడు, మధ్యాహ్నం దాకా ఫోను బంద్.

"రేజ్ తగ్గియ్యకు బావా!" అన్నాడు సతీష్. "సూది ఎర్రల ఉంటే ఇంజన్ సీజ్ అయి పట్టేస్తది. ఎక్కడా ఆపకు. సీదా మిర్యాలగూడకు తోలుకరా, నేను సూస్త."

"మిర్యాలగూడ ఎందుకురా, నాకు కోదాడల పరీక్ష!" అని ధనలక్ష్మి వెనక నుంచి అరిచింది. ఫోను అప్పటికే కట్టయింది. కానీ ఆ క్షణం నుంచి ఆ బండికి ఒక రాజ్యాంగం ఏర్పడింది. స్పీడుంటే ప్రాణముంటుంది. ఆగితే చావు. దాన్ని అమలు చేసే బాధ్యత సోమమ్మ తీసుకుంది.

"సూది పండుకుంటంది, తొక్కు కొడకా!"

స్పీడు బ్రేకర్ల మీద ఎగిరారు. ఏ మలుపు దగ్గరా హారను తప్ప బ్రేకు ముట్టలేదు. గొర్రెల దగ్గర పోయిన సమయం కలిపి తొమ్మిదీ ఇరవైకి కోదాడలో దూరారు. పరీక్ష కాలేజీ హుజూర్‌నగర్ రోడ్డులో ఉంది. గేటు ముందు జనం. పరశురాములు బండిని నిదానం చేశాడు. సూది పడింది.

"తొక్కు!" అంది తల్లి.

"ఆపు!" అంది భార్య.

కాలు తల్లి మాటే విన్నది. కాలేజీ వెనక్కి పోయింది.

"ఏందయ్యా, దాటిపోయింది!"

"తిప్పుకొస్తనే. జర ఎడల్పు జాగ దొరకని. స్పీడు తగ్గకుంట తిప్పాలె గదా."

"నన్ను దింపి, తర్వాత నీ బండి సచ్చినా మంచిదే!"

ఆ మాట పరశురాములు గుండెకు గుచ్చుకుంది. బండి చావడం ఆయన దృష్టిలో అంత చిన్న విషయం కాదు. ధనలక్ష్మి తలుపు లాగింది. ఆ వ్యాను పక్కతలుపు బయట నుంచి తప్ప తెరుచుకోదు. ఆమె అద్దం జరిపి తల బయట పెట్టింది. "ఆపుమనుండ్రి! ఓ అన్నా, నన్ను దింపుమనుండ్రి!" అని రోడ్డు మీద కనబడ్డ ప్రతి మనిషినీ పిలిచింది. ముందు సీట్లోంచి ఒక ముసలామె గొంతు అంతకంటే గట్టిగా వినబడుతోంది: "ఆపకు కొడకా! ఎవ్వలేమన్నా ఆపకు!"

ఇక కోదాడ ఏమనుకుంటుంది? మారుతి వ్యాను, మూసిన తలుపు, ఏడుస్తున్న ఆడమనిషి.

"ఏవండోయ్, ఎవరినో ఎత్తుకుపోతన్నారండీ!" అని టీ కొట్టాయన గరిటె పట్టుకునే పరిగెత్తాడు. "ముసల్దే ముఠాకి లీడరు లాగుంది" అని ఇంకొకాయన తేల్చేశాడు. పోలీసుల వంద నంబరుకు ఫోన్లు పోయాయి. ఆరు మోటారు సైకిళ్లు వెంటపడ్డాయి. ఊరు దాటగానే రోడ్డుకు అడ్డంగా పోలీసు జీపు నిలబడి ఉంది.

పరశురాములు బ్రేకు వేశాడు, న్యూట్రల్ చేశాడు, రెండు చేతులూ పైకెత్తాడు. కుడికాలు మాత్రం ఆక్సిలేటరు మీదే ఉంచాడు. హెడ్ కానిస్టేబుల్ చంద్రకళ చెవులు మూసుకుని కిటికీ దగ్గరకొచ్చింది.

"చేతులు సరేగానీ, ముందు ఆ కాలు తియ్యి!"

"తీస్తే సచ్చిపోతది మేడమ్!"

"ఎవరు? లోపల ఇంకెవరున్నారు?"

ఆమె చెయ్యి పెట్టి తాళం తిప్పింది. ఇంజను ఆగింది. సోమమ్మ నెత్తి కొట్టుకుని శోకం తీసింది. బయట నుంచి తలుపు తీయగానే ధనలక్ష్మి దూకింది.

"వీళ్లు మీకు ఏమవుతారమ్మా? భయపడకుండా చెప్పండి."

"ఆయన నా మొగుడు. ఆమె మా అత్తమ్మ."

"బలవంతపు పెళ్లా?"

"పెండ్లయి పద్దెనిమిదేండ్లాయె మేడమ్, గా కేసు తర్వాత సూస్కుందాం. నన్ను పరీక్షకు తోలుండ్రి!"

సూది కథ విన్న చంద్రకళ మళ్లీ తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. ఎవరూ తొక్కకుండానే కడుపునిండిన పిల్లిలా గుర్రుమంటూ నిలబడింది. సూది ఎర్రలోనే ఉంది. ఆ సంగతి ఇంజన్‌కు తెలియదు. "మా జీపుకు అసలు మీటర్లే పనిచెయ్యవు. చక్కగా తిరుగుతోంది" అని, పరశురాములును మెల్లగా వెనక రమ్మని, ఆమె ధనలక్ష్మిని జీపెక్కించింది. అప్పటికి తొమ్మిదీ నలభై. సైరన్ వేశారు.

కాలేజీలో ప్రిన్సిపాల్ శాంతకుమారి గేటు దగ్గరే నిలబడి ఉంది. హైదరాబాద్ నుంచి పరీక్షల అబ్జర్వరు రావాలి, వచ్చేది ఆడో మగో కూడా పైవాళ్లు చెప్పలేదు, ఆమె కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. సైరన్ మోగించుకుంటూ పోలీసు జీపు వచ్చి ఆగింది. మంచి చీర కట్టిన ఒక స్త్రీ కోపంగా దిగింది. గేటు రెండు రెక్కలూ బార్లా తెరుచుకున్నాయి.

"రండి మేడమ్, మీ కోసమే చూస్తున్నాం!"

నిమిషం నిబంధన పెట్టినా మనుషులు మంచోళ్లే అనుకుంది ధనలక్ష్మి. ఆమెను గదిలోకి తీసుకుపోయి, తువ్వాలు పరిచిన కుర్చీలో కూర్చోబెట్టారు. చాయ్ వచ్చింది, బిస్కట్లు వచ్చాయి.

"ఏర్పాట్లు ఎట్లా ఉన్నాయి మేడమ్?"

అడిగారు కనుక చెప్పింది. "ఏం బాగున్నయమ్మా! గేటు కాడ సంటిపిల్లలను పట్టుకొని మొగోళ్లు ఎండల నిలవడ్డరు. తల్లులు లోపల పరీక్ష రాస్తుంటే గా పిల్లలు ఎండల మాడాల్నా? నీడ లేదు, నీళ్లు లేవు."

శాంతకుమారి నోటు చేసుకోకుండానే కేకేసింది. క్షణాల మీద షామియానా లేచింది, నీళ్ల డ్రమ్ములు కదిలాయి. ఈ రాష్ట్రంలో ఒక అంగన్‌వాడీ టీచరు మాటకు పని జరగాలంటే ఆమె సైరన్ మీద రావాలి, రాసుకోండి.

అప్పుడు ప్రిన్సిపాల్ ఫోను మోగింది. అవతల అసలు అబ్జర్వరు చిరంజీవి. బస్సు దిగి ఆటోలో వచ్చేసరికి గేటు మూసేశారట. నిమిషం ఆలస్యమైందని వాచ్‌మన్ లోపలికి రానివ్వడం లేదట.

శాంతకుమారి ఫోను చేత్తో మూసి కుర్చీ వైపు తిరిగింది. "మరి మీరెవరు?"

ధనలక్ష్మి హాల్ టికెట్ బల్ల మీద పెట్టింది.

"లే! ఇది అబ్జర్వరు కుర్చీ! అభ్యర్థులు ఇక్కడికి రాకూడదు, బయటికి నడు!"

"ఎందుకు పోవాలె? గేటు మూయకముందే లోపలికొచ్చిన. మీరే ఎదురొచ్చి తోలుకొచ్చిండ్రు. టైంకు వచ్చిన నన్ను బయటికి పంపి, టైం దాటినంక వచ్చిన ఆ సారుకు గేటు తీస్తరా? తీయుండ్రి. బయట నిలవడ్డ అందరూ సూస్తున్నరు."

 ప్రిన్సిపాల్ చెమట తుడుచుకుంది. తర్వాత ధనలక్ష్మిని మామూలు తనిఖీకి పంపి, బెల్లు కొట్టకముందే పరీక్ష గదికి చేర్చారు. చిరంజీవిని వెనక గోడ పక్కనున్న చిన్న తలుపు గుండా తీసుకొచ్చారు. ఆయనకు చల్లారిన చాయ్ దొరికింది.

మధ్యాహ్నం ఆమె బయటికి వచ్చింది. పేపరు బాగానే రాసింది. షామియానా కింద పరశురాములు వెలిగిపోతున్న మొఖంతో ఎదురొచ్చాడు.

"ధర్మేందర్ ఫోన్ ఎత్తిండే! ఇంజన్‌కు ఏం కాలేదట. సెండరు లారీది, మీటరు కారుది, రెండూ జోడి కావట. ఉన్నదాంట్ల సగమే సూపిస్తదట. బండి నిలవడ్డప్పుడు సూది దిగుడు కూడ మామూలేనట. ఇగ మంచి జోడి సెండరు తెప్పిస్త. దాని పక్కపొంటి టెంపరేచర్ మీటరు కూడ…"

సోమమ్మ కొడుకు చొక్కా పట్టి వెనక్కి గుంజింది. ఆమెకు కోడలి మొఖం కనబడింది, ఆ మొఖం చదవడానికి సెండరు అక్కరలేదు.

ధనలక్ష్మి వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, పక్కతలుపు బయట నుంచి తెరిచి, ఎక్కకుండా నిలబడింది.

"నీకు ఎన్ని మీటర్లు కావాల్నో అన్ని వెట్టుకో. గని నేను ఆపు అంటే బండి ఆగాలె. ముందుగాల గది ఫిట్టింగ్ చెయ్యి."