సరుకు నాణ్యంగా ఉన్నది

సుజన అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. ఎవరైనా పుస్తకం చేతిలో పెట్టి, కూతురు ప్రీతి ముందు "చదువమ్మా" అంటే ఎలా? అత్త నాగమణమ్మకు కూడా ఆమె అంత భయపడదు.

తమ్ముణ్ణి చూసుకునేవాళ్లు లేక ఆరో తరగతి మధ్యలో ఆమెను బడి మాన్పించారు. అక్షరాలు వచ్చు. ఒత్తులు ఎదురైతే మాత్రం రైల్వే గేటు పడ్డ ఆటోలా ఆగిపోతుంది. ఈ సంగతి రెండో తరగతి చదివే ప్రీతికి తెలియదు. తెలియకూడదు కూడా.

అలాంటి సమయంలో బడివాళ్లూ బస్తీ లైబ్రరీవాళ్లూ కలిసి కొత్త పద్ధతి పెట్టారు. శుక్రవారం ప్రతి పిల్లా ఒక బొమ్మల పుస్తకం ఇంటికి తేవాలి. ఇంట్లో పెద్దవాళ్లు పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అది చదివి వినిపించి, డైరీలో తమ చేత్తో రెండు వాక్యాలు రాసి సోమవారం పంపాలి. చదవడం ఎలాగో గట్టెక్కింది. సుజన బొమ్మలు చూసి నోటికొచ్చిన కథ చెప్పేది. రాతకే వచ్చింది చిక్కు. భర్త నగేష్ పొద్దున్నే బస్ డిపోకు పరుగెడుతూ "నువ్వే ఏదో ఒకటి రాయరాదు" అనేవాడు. ఆమె డైరీ పట్టుకుని కిరాణా కొట్టు అమరనాథ్ సేటు దగ్గరికి పోయింది.

సేటుది ముత్యాల్లాంటి రాత. ముత్తాత కాలం నుంచీ వ్యాపారుల ఉత్తరాలు రాసిన వంశం. పుస్తకం అట్ట కూడా తిప్పకుండా రాసి ఇచ్చాడు: "పుస్తకం చేరినది, సరుకు నాణ్యంగా ఉన్నది. ఇట్లే పంపుచుండగలరు."

అది పక్కింటి రాజమణి చూసింది. వారం తిరక్కుండా గల్లీలోని పదకొండు డైరీలూ సేటు గల్లా మీదికి చేరాయి. గల్లీ పిల్లలను బడికి తీసుకుపోయేది సుజనే కాబట్టి డైరీల సంచి మోసేదీ ఆమే.

ఆ సోమవారం ఆమె అనుకున్నది చాలా చిన్న పని. సంచి ఇచ్చేసి, నల్లా నీళ్లు వచ్చేలోగా ఇల్లు చేరాలి. ప్రీతి వాళ్ల స్రవ్య టీచర్ బడి గేటు దగ్గరే ఆపి డైరీలు తిరగేసింది.

"సుజనగారూ, ఈ పదకొండు డైరీల్లో రాత ఒక్కటే. తెచ్చేది మీరే. అంటే గల్లీ మొత్తానికి రాసి పెడుతున్నది మీరేగా?"

సుజన కాదనబోయింది. కిందికి చూస్తే ప్రీతి కళ్లింతలు చేసుకుని తననే చూస్తోంది. తల అడ్డంగా ఊపాలనుకుంటే నిలువుగా ఊగింది.

"మీలాంటివారి కోసమే వెతుకుతున్నాను. పదకొండు గంటలకు కమ్యూనిటీ హాల్లో తల్లులు పిల్లలకు కథలు చదివి వినిపించే చదువు మూల మొదలవుతుంది. మొదటి కథ మీరే చదవాలి" అంటూ టీచర్ ఒక పుస్తకం చేతిలో పెట్టింది.

"గొంతు నొస్తుంది మేడమ్" అంది సుజన, ఉన్న గొంతును సగం చేసి.

దాంతో పని మరింత చెడింది. గేటు దగ్గరి మాటలు ఆమెకన్నా ముందే గల్లీకి చేరాయి. ఇంటికి వచ్చేసరికి రాజమణి పసుపు పాలతో గుమ్మంలో నిలబడి ఉంది. "ఫికర్ చేయకు పిల్లా. నువ్వు కథ చదువుతున్నవని జల్‌పల్లిల మీ అత్తకు ఫోన్ చేసిన, పూలదండ పట్టుకొని ఆటోల వస్తుంది. నగేష్‌కు గూడ చెప్పిన, సగం పూట సెలవు పెట్టిండు."

సుజన పాలు తాగకుండానే కొట్టుకు ఉరికింది. "సేట్, జర ఈ పుస్తకం చదివి చెప్పున్రి. కంఠతా పట్టుకుంట."

అమరనాథ్ పుస్తకాన్ని దూరం పెట్టి చూశాడు. "నేను రాసేటోన్ని గానీ చదివేటోన్ని కాదమ్మా. పిల్లల కథలు నాకేం తెలుస్తయి? అట్ట మీద ఏనుగుంది. ఏనుగు మంచిదని చెప్పి కూసో."

"మరి డైరీలల్ల నాణ్యంగా ఉన్నదని రాస్తివి?"

"బడోళ్లు ఖరాబు సరుకు పంపుతరా?"

పదకొండు గంటలకు తల్లులతో, టీచర్ తీసుకొచ్చిన బడి పిల్లలతో హాలు నిండింది. ముందు వరుసలో దండతో అత్త, గ్రీసు చేతులతో నగేష్. తమాషా చూద్దామని సేటు కూడా వెనక నిలబడ్డాడు. సుజన పుస్తకం తెరిచింది. వాక్యమంతా ఒత్తులే. అక్షరాలు వదిలి బొమ్మను పట్టుకుంది.

ఆమె ఏనుగు యాకుత్‌పురా స్టేషన్లో రైలెక్కబోయింది. తొండం లోపలికి పోయింది, మిగతాది ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయింది. "జర సర్దుకోన్రి భాయ్" అని ఏనుగు బతిమాలుతుంటే పిల్లలు నేల మీద దొర్లి నవ్వారు. మరో ప్రతి పట్టుకున్న స్రవ్య టీచర్ మాత్రం పేజీలు ముందుకూ వెనక్కూ తిప్పుతోంది. అందులో రైలే లేదు.

ప్రీతి లేచి నిలబడింది. "టీచర్, గట్ల వెతికితే దొరకది. మా అమ్మ పుస్తకంల ఉన్నది చదవది. లేనిది చదువుతది. గదే మస్తుంటది."

సుజన పుస్తకం మూసేసింది. అంటే పిల్లకు ముందే తెలుసు. తెలిసే ప్రతి శుక్రవారం ఒళ్లో కూర్చుని వింది. ఇక దాచడానికేమీ మిగల్లేదు.

"ఆరో క్లాసు సగంల బంద్ చేసిన మేడమ్. ఒత్తులొస్తే ఆగిపోత. ఆ రాత నాది గాదు, సేటుది."

"నా డైరీల గూడ సేటుదే" అని రాజమణి చెయ్యెత్తింది. తర్వాత ఇంకో చెయ్యి, ఆ తర్వాత ఇంకోటి. సుజన చెయ్యితో కలిపి పదకొండు చేతులు లేచాయి. పన్నెండో చెయ్యి నాగమణమ్మది. "నాకు అక్షరాలే రావు. నేను గూడ కూసుంట" అంటూ తెచ్చిన దండ కోడలి మెడలో వేసేసింది.

స్రవ్య టీచర్ డైరీ తీసి "సరుకు నాణ్యంగా ఉన్నది" అని పైకి చదివింది. హాలంతా వెనక్కి తిరిగింది. సేటు అప్పటికే చెప్పులు వెతుక్కుంటున్నాడు.

అక్కడికక్కడే తీర్మానం జరిగింది. ప్రతి శనివారం తల్లులకు ఒత్తులు దిద్దించేది సేటు. పిల్లలకు కథ చెప్పేది సుజన. వచ్చే శనివారం మాత్రం సేటు కూడా ఒక పులి కథ చదవాలి, పులి గొంతుతో సహా.

ఆ శుక్రవారం రాత్రి ప్రీతి డైరీలో సుజన వంకర అక్షరాలతో రెండు వాక్యాలు ఉన్నాయి: "ఏనుగు బాగుంది. నేనే రాసిన."

పులి శనివారం మాత్రం రానే వచ్చింది. పొద్దుటి నుంచి సేటు కొట్టు షట్టరు సగమే లేచి ఉంది. బియ్యం బస్తాల వెనక ఎవరో సన్నగా గాండ్రిస్తున్నట్టు వినిపిస్తోందట. అటువైపు వెళ్తే ఆయన ఎలా ఉన్నాడో జర ఒకసారి తొంగి చూసి, రెండు వాక్యాలు రాసి పంపగలరు.

మీ చేత్తోనే.