పక్క కుర్చీ పథకం

జిల్లా తూనికలు కొలతల కార్యాలయంలో పక్క కుర్చీ పథకం అమల్లోకి వచ్చాక, ఒకరి పని ఇంకొకరు నేర్చుకుంటే ఆ పని నేర్పినవారిని వదిలి నేర్చుకున్నవారిలోకి వెళ్లిపోయేది, పోతూ పోతూ నేర్పినవారి సొంత సంగతి ఒకదాన్ని వెంటబెట్టుకుపోయేది. దీనికి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఉత్తర్వు ఆరో పేరాలో అంతా స్పష్టంగానే ఉంది: "ప్రధాన విద్యతోపాటు ఒక అనుబంధ అంశం బదిలీ కావచ్చును. అది ఏదన్నదీ ముందుగా చెప్పజాలము, తిరిగి ఇప్పించజాలము." కింద నమూనా-4 జతచేశారు. అందులో ఇచ్చినవారి సంతకానికి ఒక గడి, పుచ్చుకున్నవారి సంతకానికి ఒక గడి, అనుబంధ అంశం రాయడానికి ఒక గీత ఉన్నాయి.

ఆ ఒక్క గీత చాలడం లేదని మొదటి వారంలోనే పైకి రాశారు. అదనపు కాగితం వాడుకోవచ్చని జవాబు వచ్చింది.

బోర వరహాలమ్మ ఆ ఆఫీసులో అందరికంటే సీనియర్ ఇన్‌స్పెక్టరు. మూడు నెలల్లో రిటైరవుతుంది. ముప్పై మూడేళ్లుగా జిల్లాలోని ప్రతి సంతలోనూ, ప్రతి కిరాణా కొట్టులోనూ తక్కెడలు చూసిన మనిషి. భర్త పోయి తొమ్మిదేళ్లయింది, పిల్లల్లేరు. దాంతో పథకం కింద నేర్పవలసినవాళ్ల జాబితాలో మొదటి పేరు ఆమెదే పెట్టారు. ఆమె కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించారు. మోచేతులు తగిలేలా పద్నాలుగు పనిదినాలు కూర్చోవాలి. పద్నాలుగో రోజు సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో పని అటు మారేది.

మొదట వచ్చి కూర్చున్నది తవిటినాయుడు. తూకం యంత్రాలకు ఏటేటా వేసే ముద్రల పని అతను నేర్చుకోవాలి. పద్నాలుగో రోజు పని వచ్చేసింది, దాంతోపాటు వరహాలమ్మ ఎడమ మోకాలి నొప్పి కూడా వచ్చేసింది. నాయుడికి ముప్పై నాలుగేళ్లు, వాలీబాల్ ఆడేవాడు. మర్నాడు పొద్దున్న గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు.

"మేడమ్, ఇది మెట్లు ఎక్కినప్పుడు పట్టేస్తాదా, దిగినప్పుడా?"

"దిగినప్పుడే నాయుడూ. ముందు ఎడం కాలు కిందకి దించు, తర్వాత కుడిది. చలికాలంలో కాస్త ఎక్కువుంటాది."

"అలాగేనండి," అన్నాడు నాయుడు, బుద్ధిగా రాసుకుని.

వరహాలమ్మ ఆ సాయంత్రం పని లేకపోయినా ఆఫీసు మెట్లు రెండుసార్లు ఎక్కి దిగింది. ఇన్నేళ్లకి ఒళ్లు ఇంత తేలిగ్గా ఉంటుందని ఆమెకి తెలీదు. ముద్రలు ఎలా వేసేవారో మాత్రం మరి గుర్తు రాలేదు. రానందుకు బాధ కూడా కలగలేదు.

రెండోసారి ఝాన్సీ వచ్చింది. వ్యాపారులకు నోటీసులు రాయడం ఆమె నేర్చుకోవాలి. వరహాలమ్మ రాసిన నోటీసంటే జిల్లాలో పేరు. మూడు వాక్యాల్లో మనిషి కొట్టు మూసుకునేవాడు. ఆ విద్యతోపాటు ఝాన్సీకి వెళ్లింది వరహాలమ్మకు చెల్లెలి మీదున్న కోపం. పదకొండేళ్ల నాటిది. చెల్లెలు ఆదిలక్ష్మి తన కూతురి పెళ్లి శుభలేఖలో అందరి పేర్లూ వేయించి అక్క పేరు మరిచిపోయింది. ఆనాటి నుంచి అక్కాచెల్లెళ్లకి మాటల్లేవు.

ఝాన్సీకి తోడబుట్టినవాళ్లే లేరు. ఉన్నట్టుండి ఇలాంటి కోపం చేతికి రావడంతో మొదట రెండు రోజులు తికమకపడింది గానీ, తర్వాత దాన్ని బాగానే వాడుకుంది. నోటీసులు ఇంకా పదునెక్కాయి. వారం తిరక్కుండా ఆదిలక్ష్మి ఆఫీసుకు వచ్చింది. ఆమెకు పథకం సంగతి ఎవరో చెప్పారు. సరాసరి ఝాన్సీ టేబులు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఝాన్సీ మొహం తిప్పుకుంది.

"పెద్దదాని పేరు మరిచిపోతారా ఎవరైనా? ఇంటి పక్కోళ్ల పేర్లు కూడా వేసేరు కదా!" అంది ఝాన్సీ గోడవైపు చూస్తూ.

"తప్పయిపోయింది తల్లీ. ప్రెస్సువాడికి రాసిచ్చిన కాగితంలో నేనే రాయడం మరిచిపోయేను. పదకొండేళ్లబట్టీ ఒప్పుకోడానికి నోరు రాలేదు," అంది ఆదిలక్ష్మి, కళ్లు తుడుచుకుంటూ.

"సరే, చూస్తాను," అంది ఝాన్సీ.

గది అవతల ఇదంతా వింటున్న వరహాలమ్మకి, వాళ్లిద్దరికీ ఏం తగువో అర్థం కాలేదు. చెల్లెల్ని చూడగానే మాత్రం ప్రాణం లేచొచ్చింది. "ఎండలో వచ్చేవేటే, మంచినీళ్లు తాగు," అంటూ ఎదురెళ్లింది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే క్యారియర్లో అన్నం తిన్నారు. ఆ తర్వాత ఆదిలక్ష్మి ప్రతి ఆదివారం అక్క ఇంటికి వచ్చేది. దారిలో ఝాన్సీ ఇంటి దగ్గర కూడా ఆగి, ఓ పది నిమిషాలు తిట్లు తిని వచ్చేది.

ఇలా చూస్తే పథకం వల్ల వరహాలమ్మకి లాభమే తప్ప నష్టం కనబడలేదు. మూడోది మిగిలింది. చేతి తూకం.

చేతి తూకం ఏ ఉత్తర్వులోనూ లేని విద్య. వరహాలమ్మ ఒక రాయిని చేత్తో ఎత్తితే అందులో ఎంత తేడా ఉందో చెప్పేది. నేర్పింది ఆమె తండ్రి, పేరు గురువులు. ఆయన బెల్లం యార్డులో తూకం వేసేవాడు. చిన్నప్పుడు కూతురి కళ్లకి తువ్వాలు కట్టి, అరచేతిలో బెల్లం ముక్కలు పెట్టి "ఎంతమ్మా?" అనేవాడు. సరిగ్గా చెబితే ముక్క ఆమెదే. ఆ విద్య ఇచ్చేస్తే వెంట ఏం పోతుందో చెప్పలేమని ఉత్తర్వులో ఉంది గానీ, ఏం పోతుందో వరహాలమ్మకి తెలుసు. ఆమె అసిస్టెంట్ కంట్రోలర్ విశ్వేశ్వరరావు గారి గదిలోకి వెళ్లింది.

"సార్, చేతి తూకం ఒక్కటీ ఉంచీసుకుంటే ఏటవుతాదండి?"

విశ్వేశ్వరరావు గారు దగ్గారు. పథకం ముందే అమలైన వేరే శాఖలో ఆఫీసర్ల పక్కన కూర్చుని పైకొచ్చిన మనిషి కావడంతో ఆయన దగ్గర ఏడు రకాల దగ్గులుండేవి. ఇది నాలుగోది, ఆలోచన సమయంలో వచ్చేది.

"ఏమీ అవదండీ. మీతోపాటు ఇంటికి వచ్చేస్తుంది. కానీ ఇంట్లో ఏం తూస్తారు?"

వరహాలమ్మ నాలుగు రోజులు ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేసింది. ఆ నాలుగు రోజులూ పక్క కుర్చీలో ఉమాశంకర్ మోచెయ్యి తగలకుండా కొంచెం ఎడంగా కూర్చున్నాడు. చేతి తూకం నేర్చుకోవలసిన అతను కొత్త ఇన్‌స్పెక్టరు, ఉద్యోగంలో చేరి ఏడాది. పెద్దావిడ సమ్మతి లేకుండా తీసుకోవడం అతనికి ఇష్టం లేదు.

శుక్రవారం ఇద్దరూ కలిసి కొండ కింద సంతకి వెళ్లారు. జీడిపిక్కల కాలం. కరెంటు లేని సంత కాబట్టి వ్యాపారులు తక్కెడలే వాడతారు. ఉమాశంకర్ ఒక వ్యాపారి రాళ్లన్నీ పెట్టెలోని ప్రామాణిక రాళ్లతో పోల్చి చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. పుస్తకంలో రాసి సంతకం చేశాడు. పక్కన బుట్టతో నిలబడిన ముసలామె అతని చొక్కా పట్టుకుంది.

"మా ఊరి సంఘం కాటా మీద ఇరవై కేజీలు తూగింది బాబూ. ఈడు పందొమ్మిది కూడా నేదంటన్నాడు. కొండ దిగితే పిక్కలు కరిగిపోతాయేటి?"

"రాళ్లన్నీ చూశానమ్మా, బాగానే ఉన్నాయి," అన్నాడు ఉమాశంకర్. చెప్పాక తన మాట తనకే నచ్చలేదు. కానీ కాగితం మీద తప్పు లేదు. ముసలామె బుట్ట నెత్తికెత్తుకుని నిలబడింది. ఇంకెక్కడికి తీసుకెళ్లాలో ఆమెకి తెలీదు.

వరహాలమ్మ వంగి, వ్యాపారి కూర్చున్న గోనెసంచి కింద చెయ్యి పెట్టి, అయిదు కేజీల రాయి ఒకటి బయటకి లాగింది. అరచేతిలో ఒక్కసారి ఎగరేసినట్టు ఊపింది.

"మూడొందల గ్రాములు ఎక్కువుంది. అడుగున సీసం పోశాడు."

తూచి చూస్తే మూడొందల పది ఎక్కువ ఉంది. ముసలామె పిక్కలు మళ్లీ తూచారు, ఇరవై వచ్చాయి. ఆమె ఉమాశంకర్ చొక్కా వదిలి వరహాలమ్మ చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తిప్పి చూసుకుంది. తర్వాత వెళ్లిపోయింది.

ఇద్దరూ జీపులో తిరుగు ప్రయాణమయ్యారు.

"వచ్చే నెల ఆమె మళ్లీ వస్తాది కదా బాబూ," అంది దారిలో వరహాలమ్మ.

"వస్తాదండి."

"అయితే రేపట్నుంచి దగ్గరగా కూర్చో."

పద్నాలుగో రోజు సాయంత్రం, ఉమాశంకర్ ఒక రాయి ఎత్తి "నలభై గ్రాములు తక్కువ" అన్నాడు. అన్న వెంటనే కళ్లు చెమర్చాయి. వరహాలమ్మ నమూనా-4 తీసి ఇచ్చినవారి గడిలో సంతకం చేసింది. అనుబంధ అంశం గీత మీద ఏం రాయాలో తెలియక, "పుచ్చుకున్నవారు పూరించవలెను" అని రాసింది. ఉమాశంకర్ రెండు అదనపు కాగితాలు జతచేశాడు.

ఆ రోజు ఇంటికెళ్లాక, హాల్లో గోడకున్న ఫొటోలో తువ్వాలు భుజాన వేసుకున్న పెద్దమనిషిని వరహాలమ్మ కాసేపు చూసింది. ఎవరో మర్యాదస్తుడిలా ఉన్నాడనుకుంది. ఫొటో మీద దుమ్ము తుడిచి పడుకుంది.

వీడ్కోలు సభ జూన్ ఆఖరున జరిగింది. శాలువా కప్పారు. విశ్వేశ్వరరావు గారు రెండో రకం దగ్గు, సభల్లో వాడేది, దగ్గి, సర్వీసు పుస్తకం చివరి పేజీ చదివారు. "శ్రీమతి వరహాలమ్మ గారి వద్ద బదిలీ కాకుండా మిగిలినవి: ఏమియూ లేవు." జిల్లాలో ఇంత శుభ్రంగా ఎవరూ రిటైరవలేదని మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. వరహాలమ్మ కూడా కొట్టింది. మనస్ఫూర్తిగానే కొట్టింది.

జనం పల్చబడ్డాక ఉమాశంకర్ దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"మేడమ్, నాన్నగారు తెగ గుర్తొస్తున్నారండి. మా నాన్న కాదు, మీ... ఆ గురువులు గారు. మొన్న మా నాన్న ఫోన్ చేస్తే గొంతు పోల్చుకోలేకపోయాను. లోపల చోటు ఆయనకే సరిపోతోంది. మీకేమైనా చెప్పమంటారా?"

"చెప్పు బాబూ, వింటాను."

అతను చెప్పాడు. గోళ్లలో ఎప్పుడూ బెల్లం మడ్డి ఉండేదని, నవ్వితే శబ్దం వచ్చేది కాదని, భుజాలు మాత్రం కదిలేవని, కూతురు తప్పు చెప్పినా ఒక్కోసారి ముక్క ఇచ్చేసి "నేనే తప్పు తూచేనమ్మా" అనేవాడని. వరహాలమ్మ శ్రద్ధగా విన్నది. మంచి కథ విన్నప్పుడు కలిగే సంతోషం కలిగింది.

"మంచాయనలా ఉన్నాడు. జాగ్రత్తగా చూసుకో," అంది.

"అలాగేనండి."

జులై మొదటివారంలో ఆదిలక్ష్మి అక్కని నాలుగు రోజులు తన ఊరికి తీసుకెళ్లింది. పొద్దున్నే బస్సు. పెద్దవాళ్ల సీట్లలో ఇద్దరికీ చోటు దొరికింది. కిటికీలోంచి చల్లగాలి. నిలబడే చోటంతా పనుల్లోకి పోయే కుర్రవాళ్లు, బ్యాగులు భుజాన వేసుకుని బరువుగా ఊగుతున్నారు. ఎదుటి సీట్లోని పెద్దాయన పలకరించాడు.

"ఏటి చేసి రిటైరయ్యేరండి?"

వరహాలమ్మ చెల్లెలి వైపు చూసింది. ఆదిలక్ష్మి చెవిలో చెప్పింది.

"తూనికలు కొలతల్లో ఇన్‌స్పెక్టర్నట," అంది వరహాలమ్మ నవ్వుతూ. "మీరో?"

"రైలు నడిపేవాడినట. ముప్పై ఆరేళ్లట."

"నేను లెక్కల టీచర్నట," అంది వెనక సీట్లోంచి ఒకావిడ, తనూ మాట కలుపుతూ. ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం విప్పి అందరికీ తలో గుప్పెడూ పెట్టింది. చాలా రుచిగా ఉన్నాయి. అందరూ నెమ్మదిగా వొలుచుకుంటూ బయటకి చూస్తూ కూర్చున్నారు.

ఎక్కడ దిగాలో మాత్రం ఆ సీట్లలో ఒక్క ఆదిలక్ష్మికే తెలుసు. ఆమె ఏనాడూ ఏ ఆఫీసులోనూ పనిచెయ్యలేదు.